నడిచిన వాళ్ల లెక్క ఎవరి దగ్గర ఉంది?

(2020 నవంబరు మొదటి వారంలో మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పత్తి ఏరుడు, వరి కోత రెండూ ఒకేసారి మీద పడ్డ రోజులివి. అక్టోబరు వానలకు తడిసిన పత్తిని ఆరబెట్టుకునే పని ఇంకా ఒడవలేదు. అయినా వచ్చారు. మాస్కులు తీయకండి, కొంచెం దూరం దూరంగానే కూర్చోండి. ప్రభుత్వం మీద మనకు ఎన్ని విమర్శలున్నా కరోనా అబద్ధం కాదు.

ఈ నెల 26 సమ్మె గురించి, ఢిల్లీ చలో గురించి తర్వాత వక్తలు వివరంగా చెబుతారు. మేం మాట్లాడాల్సింది ఆరోగ్య సేతు యాప్ గురించి. ఫోనులో ఉండే యాప్‌తో రైతు సంఘానికేం పని అని మనవాళ్లే కొందరు అడిగారు. పని ఉంది కాబట్టే చెబుతున్నాం.

గత నెల 27న కేంద్ర సమాచార కమిషన్ ఒక నోటీసు ఇచ్చింది. ఈ యాప్‌ను ఎవరు తయారుచేశారు, ఆ ఫైలు ఎక్కడుంది అని ఒక పౌరుడు సమాచార హక్కు చట్టం కింద అడిగాడు. ఆయన్ని ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిప్పారు. తయారుచేసింది నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ అని యాప్ వెబ్‌సైటులో రాసి ఉంది. ఆ సెంటరేమో ఫైలు మా దగ్గర లేదంది. ఇదేం జవాబని కమిషన్ కోప్పడితే, మర్నాడు కేంద్రం ప్రకటన ఇచ్చింది: ప్రభుత్వం, ప్రైవేటు నిపుణులు కలిసి సుమారు 21 రోజుల్లో తయారుచేశారట. ఆ ముక్క అడిగిన మనిషికి మొదటి రోజే చెప్పొచ్చు కదా! అధికారులు ఈ నెల 24న కమిషన్ ముందు హాజరు కావాలి. మనం పాసు పుస్తకంలో అచ్చుతప్పు దిద్దించుకోవడానికి పోతే తాతల నాటి కాగితాలు తెమ్మంటారు. 16 కోట్ల మందికి పైగా ఫోన్లలోకి ఎక్కిన యాప్ పుట్టుక కాగితం మాత్రం వాళ్ల దగ్గర ఉండదు.

అది ఎట్లా పనిచేస్తుందో తెలియని వాళ్ల కోసం చెబుతాం. ఫోనులో బ్లూటూత్, లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచాలి. యాప్ ఉన్న రెండు ఫోన్లు దగ్గరికొస్తే ఒకదాని గుర్తు ఇంకోదాంట్లో నమోదవుతుంది. మనం ఎక్కడ తిరిగామో 15 నిమిషాలకోసారి రాసుకుంటుంది. తర్వాత ఎవరికైనా పాజిటివ్ వస్తే ఆ వివరాలు సర్కారు సర్వరుకు పోతాయి, ఆ మనిషి దగ్గరికి వచ్చిన వాళ్లకు హెచ్చరిక వస్తుంది. చేరేటప్పుడే పేరు, నంబరు, వయసు, చేసే పని, ఏ దేశం పోయొచ్చారో కూడా అడుగుతుంది.

వినడానికి బాగానే ఉంది. ఇప్పుడు మన నాటు మడికి రండి. ఇరవై మంది ఆడవాళ్లు ఒక వరుసలో వంగి నాటు వేస్తుంటారు. అందులో టచ్ ఫోను ఎంతమంది దగ్గర ఉంటుంది? ఉన్న ఒక్క ఫోను సెప్టెంబరు నుంచి పిల్లల ఆన్‌లైన్ క్లాసులకు పోయింది. ఫోను ఇంట్లో, మనిషి మడిలో. ఆ యాప్ చూసేది ఇంట్లో ఉన్న ఫోనునా, మడిలో దగ్గుతున్న మనిషినా? చిన్న ఫోన్ల వాళ్లు 1921కి మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోను చేసి జ్వరముందా, దగ్గుందా అని అడిగే ఏర్పాటు మేలో పెట్టారు. అది మంచిదే, కాదనం. కానీ పక్కన ఎవరు నిలబడ్డారో చిన్న ఫోనుకు తెలియదు.

పల్లెల్లో ఎవరు ఎవరిని కలిశారో కనిపెట్టింది ఆశా కార్యకర్తలు. మార్చి నుంచి ఇంటింటికీ తిరిగి, బయటి ఊళ్ల నుంచి ఎవరొచ్చారో రాసుకొని, వాళ్ల తిట్లు కూడా పడి పనిచేశారు. ఆ పనికి కేంద్రం ఇచ్చిన ప్రోత్సాహకం నెలకు 1,000 రూపాయలు. రోజుకు 33 రూపాయలు అనుకోండి. సరైన మాస్కులు, జీతం, బీమా ఇవ్వాలని ఆగస్టు 7, 8 తేదీల్లో దేశమంతా సమ్మె చేశారు. యాప్ గురించి ప్రధాని ప్రసంగంలో చెప్పారు, టీవీల్లో చెప్పారు, బ్యాంకుల నుంచి మెసేజులు వచ్చాయి. ఆశాల జీతం గురించి ఎవరు మెసేజ్ పంపారు?

ఏప్రిల్ 2న ఇష్టమైతేనే పెట్టుకోండి అంటూ వచ్చిన యాప్ ఇది. నెల తిరగకముందే, మే 1న కేంద్ర హోంశాఖ ఉద్యోగులందరికీ తప్పనిసరి అంది. నోయిడాలో ఫోనులో యాప్ లేకపోతే కేసు పెడతామని పోలీసులు ప్రకటించారు. ఏ చట్టం ప్రకారం? దీనికోసం పార్లమెంటు చేసిన చట్టం ఒక్కటీ లేదు. ఇది పూర్తిగా చట్టవిరుద్ధమని జస్టిస్ శ్రీకృష్ణ అన్నారు. తెలంగాణ ఉద్యమ కాలంలో మనం విన్న శ్రీకృష్ణ కమిటీ ఆయనదే. ఆ కమిటీ రిపోర్టు మీద మనకున్న కోపం వేరే సంగతి. పౌరుల సమాచారం కాపాడే చట్టానికి ముసాయిదా రాసిన కమిటీకి కూడా ఆయనే అధ్యక్షుడు, కాబట్టి తెలిసి చెప్పిన మాటే. విమర్శలు పెరిగాక మే 17న హోంశాఖ కాస్త తగ్గి, వీలైనంతవరకు పెట్టించండి అని మార్చింది.

ఇదంతా జరుగుతున్న రోజుల్లో మన పరిస్థితి ఏమిటి? కేరళలో మొదటి కేసు జనవరి 30న వచ్చింది. లాక్‌డౌన్ మార్చి 24న ప్రకటించారు. మధ్యలో దాదాపు రెండు నెలలు. అన్ని రోజులు చేతిలో ఉండి, ప్రజలకు ఇచ్చిన సమయం నాలుగు గంటలు: రాత్రి 8కి చెప్పి 12కి మూసేశారు. యాసంగి వరి కోతకొచ్చింది, మిరప కళ్లాల్లో ఉంది, బత్తాయి చెట్టు మీద ఉంది, పుచ్చకాయ పొలంలోనే పగిలింది. వ్యవసాయ పనులకు మినహాయింపు అని నాలుగు రోజులకు ఉత్తర్వు వచ్చింది గానీ, అది చెక్‌పోస్టులో లాఠీ పట్టుకున్న కానిస్టేబుల్ దాకా రావడానికి ఇంకెన్ని రోజులు పట్టిందో మీకు తెలుసు. బెంగాల్ జూట్ మిల్లులు మూతపడి ఇక్కడ గోనె సంచులు లేవు. ఊళ్లోనే వడ్లు కొంటామని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది, కొన్నది కూడా; ఆ మేరకు ఒప్పుకోవాలి. కానీ కాంటా అయ్యాక మిల్లు దగ్గర తాలు, తరుగు పేరుతో కోసింది ఎవరి జేబులోకి పోయింది?

అప్పుడు కూడా ఢిల్లీ నుంచి మనకొచ్చింది ఇంకో యాప్. ఏప్రిల్ 17న కేంద్ర వ్యవసాయ మంత్రి కిసాన్ రథ్ విడుదల చేశారు, లారీలు బుక్ చేసుకోవడానికట. లారీ దొరికినా సరుకు ఎక్కడికి తీసుకుపోవాలి? గుంటూరు మిర్చి యార్డుకు తాళం. హమాలీ లేడు, సంచి లేదు, కొనే వ్యాపారి లేడు. అవి చేయడానికి డబ్బు ఖర్చవుతుంది, అధికారి పొలానికి రావాలి. యాప్ అయితే విడుదల చేసి ఫొటో దిగితే సరిపోతుంది.

ఇక కూలీల సంగతి. వాళ్లు లేకుండా మన మిరప ఇంటికి రాదు. కర్నూలు పడమటి మండలాల నుంచి గుంటూరుకు, ఛత్తీస్‌గఢ్ నుంచి మన ఏజెన్సీ పక్క చేలకు ఏటా వస్తారు. ఈ ఏడు చేలల్లోనే చిక్కుకుపోయారు. మన దగ్గర మిరప ఏరడానికి వచ్చిన ఒక ఛత్తీస్‌గఢ్ పిల్ల అడవి దారిలో నడిచి నడిచి, ఇల్లు చేరకముందే చనిపోయింది. ఆ పిల్ల ఏరిన కాయలు మనలాంటి వాళ్ల కళ్లంలో ఎండాయి. శ్రీకాకుళం మత్స్యకారులు వేల మంది గుజరాత్‌లోని వేరావల్‌లో పడవల మీదే ఉండిపోయారు. దేశంలో మొదటి శ్రామిక్ రైలు మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హతియాకు బయల్దేరింది. అంటే లాక్‌డౌన్ పెట్టిన ముప్పై ఎనిమిదో రోజున! వారం తిరిగేసరికి బీహార్‌లోని ఖగారియా నుంచి రైసు మిల్లులకు హమాలీలను ఎక్కించుకొని ఒక రైలు లింగంపల్లికి వచ్చింది. తలుచుకుంటే రైలు నడుస్తుంది, చూశారా.

సెప్టెంబరు 14న పార్లమెంటులో ఎంపీలు అడిగారు: సొంతూళ్లకు పోతూ ఎంతమంది వలస కార్మికులు చనిపోయారు, వాళ్ల కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అని. కార్మిక శాఖ రాతపూర్వకంగా ఇచ్చిన జవాబు, అలాంటి వివరాలు మా దగ్గర లేవు. లెక్కే లేదు కాబట్టి పరిహారం ప్రశ్నే రాదు. ఆ తర్వాత శ్రామిక్ రైళ్లలో 97 మంది చనిపోయారని రైల్వే మంత్రి చెప్పారు. అది రైలు దొరికిన వాళ్ల లెక్క. రోడ్డు మీద నడిచిన వాళ్ల లెక్క? 15 నిమిషాలకోసారి మనిషి ఎక్కడున్నాడో రాసుకోగలిగిన సర్కారు, నెలన్నర పాటు జాతీయ రహదారుల మీద నడిచిన జనాన్ని రాసుకోలేకపోయిందంటే మనం నమ్మాలా?

అదే సమావేశాల్లో కరోనా సాకు చెప్పి ప్రశ్నోత్తరాల సమయం ఎత్తేశారు. జూన్ 5న, మనం గుమ్మం దాటడానికి భయపడే రోజుల్లో తెచ్చిన మూడు వ్యవసాయ ఆర్డినెన్సుల్లో రెండింటి బిల్లులను సెప్టెంబరు 20న రాజ్యసభలో మూజువాణి ఓటుతో దాటించారు. ఓట్లు లెక్కపెట్టమంటే అక్కడా లెక్క లేదు. అందుకే యాప్ సంగతి, 26 సంగతి వేరువేరు కావని మేం అంటున్నాం.

ఇప్పుడు చేయాల్సిన పనులు. ఈ యాప్ సమాచారం వాడుకోవడంపై కేంద్రం మే 11న ఇచ్చిన నియమాలకు ఆరు నెలల గడువు ఈ నెలతో తీరుతుంది. గడువు పెంచుతారా, సేకరించింది తుడిచేస్తారా అని అడుగుతూ మన సంఘం తరఫున సమాచార హక్కు దరఖాస్తు పెడదాం. యాప్ లేదని పౌరులకు ఏ ప్రభుత్వ సేవా నిరాకరించకూడదని కర్ణాటక హైకోర్టు అక్టోబరు 19న చెప్పింది. రేషను షాపులో గానీ బ్యాంకులో గానీ కొనుగోలు కేంద్రంలో గానీ యాప్ చూపించమంటే, ఏ ఉత్తర్వు ప్రకారమో కాగితం మీద రాసిమ్మని అడగండి. ఇష్టపడి పెట్టుకున్న వాళ్లను మనం తప్పుపట్టొద్దు. జ్వరం వస్తే మాత్రం యాప్ ఆకుపచ్చ చూపించిందని ఇంట్లో కూర్చోకండి, పీహెచ్‌సీకి పోయి టెస్టు చేయించుకోండి.

రెండో పని పెద్దది. ప్రతి ఊరి కమిటీ ఒక నోటుబుక్కు పెట్టాలి. మార్చి నుంచి ఊరికి నడిచొచ్చిన వాళ్లు, మన ఊరి నుంచి నడిచి వెళ్లిన కూలీలు, ఎన్ని రోజులు చిక్కుకున్నారు, ఎవరికి ఎంత కూలి బాకీ ఉంది, ఎవరు చనిపోయారు, ఎవరి పంట ఎన్ని క్వింటాళ్లు పోయింది, ఎంత తరుగు కోశారు. కూలి బాకీ ఉన్నది మన రైతే అయినా రాయాలి, సంఘం సభ్యుడని వదిలేయొద్దు. చెప్పిన మనిషికి చదివి వినిపించి, ఒప్పుకుంటేనే సంతకమో వేలిముద్రో తీసుకోండి. 26న తహసీల్దారుకు వినతిపత్రం ఇచ్చేటప్పుడు వాటి జిరాక్సులు జతచేస్తాం. కాబట్టి 22వ తేదీ ఆదివారానికల్లా ఆఫీసుకు చేర్చండి. రాసేవాళ్లు దొరకని ఊళ్ల పేర్లు ఇప్పుడే చెబితే మన డిగ్రీ పిల్లల్ని పంపుతాం.