లెక్కలో నేనూ ఒకణ్ణి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా రిజిస్టర్లలో గళ్లు నింపినవాణ్ణి. రెండేళ్ల కిందట నేనే ఒక రిజిస్టరులోకి ఎక్కాను. ప్రోస్టేట్ క్యాన్సర్. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవాల్సివచ్చినా, వయసు మీదపడిందిలే అని ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. నడుము నొప్పి పట్టుకున్నాక మా ఆవిడ బలవంతాన ఆస్పత్రికి తీసుకెళ్లింది. అప్పటికే జబ్బు ఎముకలకు పాకింది.

హార్మోన్ చికిత్సతోపాటు డోసిటాక్సెల్ అనే మందు మూడు వారాలకొకసారి, ఆరు విడతలు ఎక్కించారు. కీమోథెరపీ అందరికీ అవసరం లేదు. జబ్బు గ్రంథి దాటకపోతే ఆపరేషనో, రేడియేషనో సరిపోవచ్చు. పాకినవారి సంగతి వేరు. అమెరికాలో 790 మందిపై జరిపిన పరిశోధన 2015లో వెలువడింది. హార్మోన్ చికిత్స ఒక్కటే పొందినవారిలో సగం మంది 44 నెలలు బతికితే, ఆరంభంలోనే ఈ మందు కలిపి ఇచ్చినవారిలో సగం మంది 57 నెలలు దాటి బతికారు. ఆ ఏడాది చిల్లర విలువ మన వయసువారికి వేరే చెప్పాలా?

మరి ఏ ప్రాంతంలో ఎంతమందికి ఈ చికిత్స అందుతోంది? ఇంగ్లండులో జాతీయ ఆడిట్ పేరిట ఆస్పత్రులవారీగా ప్రోస్టేట్ చికిత్సల లెక్కలు ప్రచురిస్తారు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి క్యాన్సర్ రిజిస్ట్రీలు 1982 నుంచి సమాచారం సేకరిస్తున్నాయి. వీటిలో రెండు రకాలు. ఆస్పత్రి రిజిస్ట్రీ అక్కడికి వచ్చిన రోగులందరినీ, వారి చికిత్సనూ నమోదు చేస్తుంది. జనాభా రిజిస్ట్రీ ఆ ప్రాంతంలో నివాసమున్నవారినే లెక్కిస్తుంది. పట్నం ఆస్పత్రిలో రోగులు ఎక్కువని పట్నంలో జబ్బు ఎక్కువని కాదు; పల్లెల నుంచి వెళ్లేది మనమే. అలాగే కేరళలా వృద్ధులు ఎక్కువున్నచోట కేసులూ ఎక్కువే. అందుకే వయసు తేడాను సర్దుబాటు చేసిన రేటునే పోల్చాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆస్పత్రి ఫారంలో సులువుగా ఉంటుందని పట్నంలోని మా అబ్బాయి చిరునామా రాశాను. జీవితమంతా ఇతరుల ఫారాలు దిద్దినవాణ్ణి! మన జిల్లాకు ఒక కేసు తగ్గించాను. కేసులే లేవన్న జిల్లాకు కీమో వార్డు ఎవరిస్తారు? తర్వాత వెళ్లి దిద్దించుకున్నాను.

కనుక మిత్రులారా, మూత్రం ఇబ్బందిని దాచకండి. కీమో నడిచేటప్పుడు జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. కాగితాలన్నీ ఒక ఫైలులో ఉంచండి. సొంత ఊరి చిరునామాయే రాయండి.