పాత చిన్న కార్ల హెడ్‌లైట్లు: వెలుగు ఎక్కడ పోతున్నది?

(పాల సంఘాల కార్యదర్శులు, రూటు సూపర్‌వైజర్ల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



సహకార ఇన్‌స్పెక్టరు లేచి నిలబడితే లెడ్జర్లు, బకాయిలు, ఆడిట్ అభ్యంతరాలు తప్ప మరో మాట రాదని మీకందరికీ తెలుసు. ఈ రోజు ఆ మాట చివరలో కొద్దిగా వస్తుంది. ముందు కారు దీపాల గురించి మనవి చేస్తాము. మేము డిప్లొమా చదివింది ఎలక్ట్రికల్‌లో, జీతం తీసుకుంటున్నది సహకార శాఖలో. చదివిన చదువు ఇన్నాళ్ళకు మీ ముందు పనికివస్తున్నందుకు సంతోషంగా ఉన్నది.

మన సూపర్‌వైజర్లలోను, పశువైద్య సహాయకులలోను, చిన్న రూట్లలో క్యాన్లు తోలేవారిలోను చాలామంది దగ్గర ఇంకా పాత మారుతి 800 గాని, ఆమ్నీ వ్యాను గాని ఉన్నది. 800 కారు 1983 డిసెంబరులో వచ్చి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. ఆమ్నీ 2019లో ఆగింది. బండ్లు గట్టివే, రిపేరు కూడా తేలికే. కాని తెల్లవారుజామున నాలుగు గంటలకు హెడ్‌లైటు వేస్తే దీపం ఎర్రగా, గుడ్డిగా వెలుగుతున్నదని ప్రతి తరగతిలోను ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు.

ఆ వేళ మన రోడ్లమీద ఏముంటుందో మీకు చెప్పనక్కరలేదు. నల్లని గేదె, నల్లని తారు రోడ్డు. వెనుక దీపంలేని ట్రాక్టరు ట్రక్కు. కోతల కాలంలో సగం రోడ్డు దాకా ఆరబోసిన వడ్లు, వాటిమీద నల్ల పరదా, పరదా ఎగరకుండా చుట్టూ పెట్టిన రాళ్ళు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కన్ను చూసి, కాలు బ్రేకు మీద పడేలోపలే అంత దూరం గడిచిపోతుంది. దీపం ముప్పై మీటర్లే చూపిస్తే ఆ రాయిని తప్పించటం ఎవరితరమూ కాదు.

ఇటువంటప్పుడు మనవాళ్ళు చేసే మొదటి పని 100/90 వాట్ల బల్బు కొనటం. ఈ బండ్లకు ఉండవలసినది 60/55 వాట్ల హెచ్4 బల్బు. పెద్ద బల్బు పెడితే నాలుగు రోజులు బాగానే ఉంటుంది. తరువాత హోల్డరు కమురు వాసన వస్తుంది, స్టీరింగు పక్కనున్న స్విచ్చి వేడెక్కుతుంది, ఒక రాత్రి రెండు దీపాలూ ఒక్కసారే ఆరిపోతాయి. ఎందుకో చూద్దాము.

మీ ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మరు పక్క ఇంట్లో బల్బు తెల్లగా వెలుగుతుంది. అదే లైను చివరి ఇంట్లో ఎర్రగా వెలుగుతుంది. బల్బులు రెండూ ఒకటే. కాలువ చివరి భూములకు నీరందనట్టు, తీగ పొడవునా వోల్టేజి తరిగిపోతుంది. ఈ తరగతి పాత చిన్న కార్లు అనేకంలో హెడ్‌లైటు కరెంటంతా బ్యాటరీ నుంచి డాష్‌బోర్డులోకి వచ్చి, స్విచ్చి గుండా తిరిగి ముందుకు పోతుంది. వైరు సన్నము, దారి పొడవు, మధ్యలో జాయింట్లు. ఇరవై ఏళ్ళకు ఆ జాయింట్లన్నీ చిలుము పడతాయి.

రెండు 55 వాట్ల బల్బులు సుమారు 9 ఆంపియర్లు లాగుతాయి. దారిలో ఓంలో పదోవంతు నిరోధమున్నా దాదాపు ఒక వోల్టు పోయినట్టే. ఒక వోల్టేగదా అనకండి. వోల్టేజి పదోవంతు తగ్గితే హాలోజన్ బల్బు వెలుగు మూడోవంతుకు దగ్గరగా తగ్గుతుంది. 13.2 వోల్టులు అందవలసినచోట 11 అందితే మిగిలేది సగం చిల్లర. ఇక అదే వైరుకు 90 వాట్ల బల్బులు తగిలిస్తే 15 ఆంపియర్లు లాగుతాయి, దారిలో నష్టము ఒకటిన్నర వోల్టవుతుంది, వైరులోను స్విచ్చిలోను పుట్టే వేడి రెండున్నర రెట్లు దాటుతుంది. చివరి పొలానికి నీరందలేదని పెద్ద మోటారు బిగించి, పగిలిన పైపును అలాగే వదిలేసినట్టు.

కనుక ముందు కొలవండి. ఇంజను నడుస్తుండగా, దీపాలు వేసి, మల్టీమీటరుతో బ్యాటరీ మీద చూడండి. 13.5కు పైన ఉండాలి. లేకపోతే ఫ్యాను బెల్టు, ఆల్టర్నేటరు, బ్యాటరీ టెర్మినళ్ళ మీది తెల్లపొడి చూసుకోవాలి. తరువాత బల్బు హోల్డరు వెనుక చూడండి. బ్యాటరీకీ దీనికీ తేడా అర వోల్టు దాటితే వెలుగు వైర్లలో పోతున్నదని అర్థము. ఎర్త్ సంగతి చాలామంది మరచిపోతారు. హోల్డరు ఎర్త్‌కు, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య కొలిస్తే సున్నాకు దగ్గరగా ఉండాలి. లేనియెడల ఎర్త్ వైరు బాడీకి బిగించిన బోల్టు విప్పి, తుప్పు గరుకు కాగితంతో గీకి, వాజలైను పూసి బిగించండి. కొన్ని బండ్లకు ఇంతటితోనే దీపం తెల్లబడుతుంది.

అప్పటికీ చాలకపోతే రిలే పెట్టించాలి. డిమ్ముకు ఒకటి, బ్రైటుకు ఒకటి. పాత స్విచ్చి ఇక రిలేను నడిపితే చాలు, దానికి పావు ఆంపియరు కూడా అక్కరలేదు. బల్బులకు కరెంటు బ్యాటరీ నుంచి 2.5 వైరు మీద, ఫ్యూజు గుండా, నేరుగా పోతుంది. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. డిమ్ముకు, బ్రైటుకు వేరువేరు 15 ఆంపియర్ల ఫ్యూజులు పెట్టించండి, ఒకటి పోయినా రెండోదానితో ఇల్లు చేరవచ్చు. కొన్ని బండ్లలో స్విచ్చి పాజిటివ్ వైపు, కొన్నింటిలో ఎర్త్ వైపు ఉంటుంది. ఎలక్ట్రీషియన్ టెస్టు ల్యాంపు పెట్టి చూసుకున్న తరువాతే వైరు కొయ్యాలి. చూడకుండా కోసేవాడి దగ్గర బండి వదలకండి.

బల్బు మార్చేటప్పుడు గాజును వేలితో ముట్టరాదు. చేతి జిడ్డు అంటినచోట గాజు అధికంగా వేడెక్కి బల్బు తొందరగా పోతుంది. లోపలి రిఫ్లెక్టరును గుడ్డతో తుడవరాదు, పూత లేచిపోతుంది. ఆ పూత నల్లబడి ఉంటే మాత్రం వైర్లు ఎన్ని మార్చినా లాభం లేదు, దీపం డోము మొత్తం మార్చవలసిందే. ఈ మధ్య హాలోజన్ డోములో ఎల్‌ఈడీ బల్బులు కూడా దూర్చేస్తున్నారు. బండి ముందు నేల తెల్లగా కనిపిస్తుంది గాని, ఆ డోము ఫిలమెంటు ఉండేచోటును బట్టి తయారైనది. వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది.

ఆ ఎదుటివాడెవరు? ఆ వేళకు సైకిలుకు క్యాను కట్టుకుని కేంద్రానికి వచ్చే మన సభ్యుడే. కళ్ళు చెదిరి కాలువలోకి దిగితే పాలు పోవటంతో ఆగుతుందని ఎవరు చెప్పగలరు? ఎదుటివారి కళ్ళు చెదరకుండా దీపము కిందికి వంచి ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు కూడా చెబుతున్నాయి.

ఈ వంపు చూడటంలో మన బండ్లకొక ప్రత్యేకత ఉన్నది. నలభై లీటర్ల క్యాను నిండితే యాభై కిలోలకు అటూఇటూగా తూగుతుంది. ఆరు క్యాన్లు వెనుక పెడితే బండి వెనుక కుంగి, ముందు లేచి, దీపాలు చెట్లకొమ్మలను చూస్తాయి. ఖాళీ బండితో సరిచేసిన దీపం రూటులో సరిగా ఉండదు. నిండు క్యాన్లతో, సమతలము మీద, సంఘ భవనం గోడకు ఐదు మీటర్ల దూరంలో ఆపండి. టైర్లలో గాలి సరిగా ఉండాలి, డ్రైవరు సీట్లో కూర్చుని ఉండాలి. దీపం నడిబొడ్డు ఎత్తు నేలనుంచి కొలిచి, గోడమీద దానికి ఐదు సెంటీమీటర్ల కింద ఒక గీత గీయండి. డిమ్ములో వెలుగు పై అంచు ఆ గీతమీద ఉండాలి. ఎడమవైపు కొంచెం పైకి లేస్తుంది, అది రోడ్డు పక్క నడిచేవారిని చూడటానికి, దానిని సరిచేయబోకండి.

ఇక చివర వస్తుందన్న మాట. బండి సంఘానిదైతే ఖర్చుకు పాలకవర్గం తీర్మానం, బిల్లు, వోచరు ఉండాలి. తీసేసిన పాత హోల్డరు, పాత వైరు పారవేయకుండా ఆడిట్ అయ్యేదాకా ఉంచండి. గోడమీది గీత సున్నం వేసేవాళ్ళు చెరపకుండా చూడండి, ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు మేము అడుగుతాము.