ఉత్తరపు హద్దు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ప్రత్యేక సంచిక కోసం ఎవరి కుటుంబ చరిత్ర వారు చెప్పాలని కార్యదర్శిగారు కోరారు. మాది వలస రైతు కుటుంబం. ఆ వలస గురించే నాలుగు మాటలు చెబుతాను.

మా పూర్వీకులది తెనాలి తాలూకా. నాన్నగారి వాటాకు వచ్చింది రెండెకరాల మాగాణి. మేము నలుగురు పిల్లలం. 1953లో తుంగభద్ర డ్యాం నుంచి నీళ్ళు వదిలారు. అదే ఏడు అక్టోబరు 1న ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లా నుంచి విడివడి కర్నూలు జిల్లాలో కలిశాయి. దిగువ కాలువ ఆ వైపు వస్తుందనీ, అక్కడ నేల చవక అనీ మా పల్లెల్లో చెప్పుకునేవారు. 1957లో నాన్నగారు రెండెకరాలూ అమ్మి, ఆదోని తాలూకాలో పద్నాలుగు ఎకరాల నల్లరేగడి కొన్నారు. గుంటూరులో మీటరుగేజి రైలెక్కి, గుంతకల్లులో మారి ఆదోనిలో దిగాము. నాకప్పుడు ఏడేళ్ళు.

జొన్నచొప్ప కప్పిన పాకలో కాపురం. బావిలో ఉప్పునీళ్ళు. తొలకరి పడగానే నాన్నగారు ఆత్రంగా అరక కట్టారు. ఎద్దులు మోకాళ్ళ దాకా దిగబడ్డాయి. మాకు నేల అమ్మిన పెద్దాయనే వచ్చి వాటిని బయటకు లాగించి, "ఈ నేల ఆరనీ నాయనా, తొందరపడితే కాళ్ళు పట్టుకుంటాది" అన్నాడు. గొర్రుతో విత్తడం, గుంటక తోలడం ఆయనే చూపించాడు. జొన్నరొట్టె తట్టడం అమ్మకు వాళ్ళింటి ఆడవాళ్ళు నేర్పారు.

కాలువ నీళ్ళు పారాక మా క్యాంపులో అందరిదీ ఒకటే మాట: "ఇక్కడివాళ్ళకు నీటి విలువ తెలియదు, మనమే నేర్పాం." నేనూ చిన్నప్పుడు ఆ మాటే అనేవాణ్ణి. తరువాత ఉద్యోగరీత్యా కడపలో ఉన్నప్పుడు కె.సి. కాలువ చరిత్ర తెలిసింది. 19వ శతాబ్దంలో ఒక ఇంగ్లీషు కంపెనీ సుంకేసుల నుంచి కడప వరకు ఆ కాలువ తవ్వింది. రైతులు అనుకున్నంతగా నీళ్ళు తీసుకోలేదు. కంపెనీ నష్టపోయింది. 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కుంది. వానల మీద జొన్న, పత్తి పండించుకునే రైతు మడి కట్టాలంటే నేల చదును చేయించాలి, పెట్టుబడి పెట్టాలి, నీటితీరువా కట్టాలి. ఆ రైతులు తెలివితక్కువవాళ్ళు కారు, లెక్క చూసుకున్నవాళ్ళు. మా పెద్దాయన కూడా నాన్నగారితో ఆ మాటే అన్నాడు: "మడి కట్టనీకి నా దగ్గర దుడ్లు యాడివి?"

2009 అక్టోబరు 2న కర్నూలు మునిగింది. నేను రిటైరయిన మరుసటి ఏడు. నీళ్ళు తీశాక ట్రంకు పెట్టెలోని కాగితాలు మిద్దె మీద ఆరబెట్టాను. అందులో నాన్నగారి క్రయ దస్తావేజులు మూడున్నాయి. అమ్మినవాడు ఒక్కడే. 1957 దస్తావేజులో ఉత్తరపు హద్దు "నాకు మిగులు భూమి" అని ఉంది. 1961 నాటి దానిలో దక్షిణం "లోగడ మీకు విక్రయించిన భూమి", ఉత్తరం మళ్ళీ "నాకు మిగులు భూమి". 1964 నాటి దానిలో "మిగులు" అన్న మాటే లేదు. చివర వేలిముద్ర ఒక్కటే ఉంది.

అటువంటి హద్దులు నా ఉద్యోగంలో ఎన్నో నకలు రాశాను. ఒక్కసారి కూడా ఆగి చదవలేదు.

నాన్నగారు మోసం చేయలేదు, ఆనాటి ధర ఇచ్చారు. కాని ఆ పెద్దాయన ఆఖరి పదేళ్ళు, ఒకప్పుడు తనదే అయిన చేనుకు నీరుగట్టిగా పనిచేశాడు. మా ఇంట్లో చెప్పుకునే కథలో ఆయన ఊసే లేదు. అమెరికాలో 1862 చట్టం కింద ప్రభుత్వం రైతులకు 160 ఎకరాల చొప్పున భూమి ఇచ్చింది. ఐరోపా నుంచి పోయిన పేద రైతులెందరో ఆ మైదానాల్లో గడ్డినేల దున్ని బాగుపడ్డారు. వాళ్ళ కష్టం నిజమే. అంతకు ముందు ఆ నేల ఆదివాసులదన్నదీ నిజమే. రెండూ రాస్తేనే చరిత్ర.

పెద్దాయన ఇంటికి వెళ్ళడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది. మొహమాటం అడ్డొచ్చింది. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయిందని విని, పొలం సంగతి చూద్దామని ఊరికి పోయాను. అప్పుడు ఆయన మనవణ్ణి కలిసి, మూడు దస్తావేజుల నకళ్ళు చేతిలో పెట్టాను. అతను ఆ వేలిముద్ర వైపు చాలాసేపు చూశాడు. "మా తాత ఫొటో కూడా లేదు సార్. మాకు మిగిలిన గుర్తు ఇదొక్కటే" అన్నాడు. నాకు మాట రాలేదు.

ఆయన పేరు మా ఇంటి పుస్తకంలో మొదటి పేజీలో, నాన్నగారి పేరు పక్కనే రాశాను. సభలో చెప్పడానికి వాళ్ళ అనుమతి అడగలేదు కనుక ఇక్కడ చెప్పడం లేదు.

మిత్రులారా, మీ ఇళ్ళల్లోనూ పాత దస్తావేజులు ఉంటాయి. విస్తీర్ణం, సర్వే నంబరు చూసి మడిచిపెట్టకండి. నాలుగు హద్దులూ చదవండి.