గొంతు దగ్గర గడ్డ: సగమా, మొత్తమా?

(స్త్రీల కార్యక్రమంలో ఒక లేడీ డాక్టరు చేసిన ప్రసంగం)



పొద్దున్నే అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకుంటాం, మంగళసూత్రం సర్దుకుంటాం. ఆ అద్దంలోనే గొంతు ముందుభాగాన చిన్న ఉబ్బు కనిపించి, గుటక వేసినప్పుడల్లా పైకీ కిందికీ కదులుతూ వుంటే? "అదే తగ్గిపోతుందిలే" అని కొంగు కప్పేసుకుంటాం. మన కోసం మనం డాక్టరు దగ్గరకు వెళ్ళడానికి తీరికెక్కడిది కనుక!

అలాగే ఏడాదిపాటు ఊరుకుని ఒకావిడ నా దగ్గరకు వచ్చింది. వయస్సు 38. ఇద్దరు పిల్లలు. సన్నని సూదితో గడ్డలోంచి కణాలు తీసి పరీక్ష చేయిస్తే క్యాన్సరని తేలింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "మొత్తం తీసెయ్యండి డాక్టరుగారూ, ఇసుమంత కూడా మిగల్చొద్దు. పిల్లలు చిన్నవాళ్ళు" అంది. వెనక నిలబడ్డ అత్తగారు మాత్రం, "సగం తీస్తే చాలదుటమ్మా? మొత్తం తీస్తే బతికినన్నాళ్ళూ మాత్రలు మింగాలిట" అన్నారు. ఇద్దరి భయమూ న్యాయమైనదే.

థైరాయిడ్ గ్రంథి సీతాకోకచిలుకలా వుంటుంది. రెండు రెక్కలు, మధ్య సన్నని వంతెన. ఇందులో వచ్చే గడ్డల్లో 100కి సుమారు 90 క్యాన్సరు కానే కావు. ముందు ఆ ధైర్యం తెచ్చుకోండి. క్యాన్సరే అయినా, ఎక్కువగా వచ్చేది పాపిల్లరీ రకం. మగవారికంటే మనకు మూడింతలు ఎక్కువగా వస్తుంది గానీ, నెమ్మదిగా పెరిగే రకం. వైద్యం సరిగ్గా జరిగితే చాలామంది నిండు నూరేళ్ళూ బతుకుతారు. అరుదుగా వచ్చే మొండి రకాల సంగతి వేరు. ఇప్పుడు చెప్పబోయేది వాటికి వర్తించదు.

గ్రంథి మొత్తం తీసేస్తే ఏమవుతుంది? స్విట్జర్లాండులో థియొడార్ కోచర్ అనే సర్జను తాను ఆపరేషన్ చేసినవారిని మళ్ళీ పిలిపించి చూసి, 1883లో ఆ వివరాలు ప్రకటించాడు. గడ్డ పోయింది, కానీ మొత్తం తీయించుకున్నవారిలో చాలామంది ఒళ్ళు ఉబ్బి, మందకొడిగా తయారయ్యారు. అప్పటికి హార్మోను మాత్ర లేదు. థైరాయిడ్‌పై చేసిన కృషికి ఆయనకు 1909లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ థైరాక్సిన్ మాత్ర వుంది కాబట్టి ఆ దుస్థితి రాదు, మాత్ర మానకపోతే!

2007లో అమెరికాలో 52 వేలమందికి పైగా రోగుల లెక్కలు చూసి, గడ్డ 1 సెంటీమీటరు దాటితే మొత్తం తీయడమే మేలన్నారు. 2014లో దాదాపు 62 వేలమంది వివరాలను, వారికున్న ఇతర జబ్బులనూ వ్యాధి తీవ్రతనూ కూడా లెక్కలోకి తీసుకుని చూస్తే, 1 నుంచి 4 సెంటీమీటర్ల గడ్డల్లో సగం తీసినా, మొత్తం తీసినా ఆయుర్దాయంలో తేడా కనిపించలేదు. అందుకే 2015లో అమెరికా థైరాయిడ్ నిపుణుల సంఘం, క్యాన్సరు గ్రంథి దాటి పాకకుండా, మెడలోని లింఫ్ గ్రంథులకు చేరకుండా వుంటే, ఆ సైజు గడ్డలకు ఒక రెక్క తీసినా చాలవచ్చని చెప్పింది. జపానులోని కోబే నగరంలో కుమా ఆసుపత్రివారు 1993 నుంచి 1 సెంటీమీటరు లోపు గడ్డలను, ప్రమాద లక్షణాలు లేకపోతే, ఆపరేషన్ లేకుండా కనిపెట్టి చూస్తున్నారు. అలా చూసిన 1,235 మంది వివరాలు 2014లో ప్రకటించారు. పదేళ్ళలో గడ్డ పెరిగినవారు 100కి 8 మందే. ఆ జబ్బుతో ఒక్కరూ చనిపోలేదు.

సగం తీస్తే లాభమేమిటంటారా? గ్రంథిని ఆనుకునే గొంతు పలికించే నరాలు, ఇరువైపులా ఒకటి చొప్పున వుంటాయి. ఒంట్లో కాల్షియాన్ని సరిచూసే నాలుగు బియ్యపుగింజలంత గ్రంథులూ అక్కడే వున్నాయి. ఒక రెక్క జోలికి పోకపోతే ఆ పక్కవన్నీ భద్రం. చాలామందికి మాత్ర కూడా అక్కరలేదు. అయితే తీసిన ముక్క పరీక్షలో ప్రమాద లక్షణాలు కనిపిస్తే రెండోసారి ఆపరేషన్ తప్పకపోవచ్చు. గడ్డ 4 సెంటీమీటర్లు మించినా, బయటికి పాకినా, రెండో రెక్కలో అనుమానమున్నా మొత్తం తీయవలసిందే. రేడియో అయోడిన్ వైద్యం కావలసినవారికీ అంతే. గోటితో పోయేదానికి గొడ్డలి వద్దు. గొడ్డలి కావలసినచోట గోరు చాలదు.

కనుక డాక్టరుగారిని మొహమాటపడకుండా అడగండి: ఏ రకం? ఎంత సైజు? రెండో రెక్క, మెడ గ్రంథులు స్కానింగులో ఎలా వున్నాయి? ఏడాదికి ఇలాంటి ఆపరేషన్లు మీరెన్ని చేస్తారు? చెయ్యి తిరిగిన సర్జను దగ్గర ప్రమాదం తక్కువ.

ఆపరేషన్ తర్వాత వేళ్ళు తిమ్మిరెక్కినా, పెదాల చుట్టూ చిమచిమలాడినా వెంటనే చెప్పండి; కాల్షియం తగ్గిందేమో చూస్తారు. థైరాక్సిన్ మాత్ర పొద్దున్నే పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, కాఫీకీ టిఫినుకూ కనీసం అరగంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలు నాలుగు గంటలు ఎడంగా వేసుకోవాలి. గర్భం వస్తే ఇది మానకూడదు. మోతాదు తరచు పెంచవలసి వస్తుంది కూడాను.

అన్నట్టు, ఆవిడ సంగతి చెప్పలేదు కదూ. గడ్డ 2 సెంటీమీటర్లే, ఎక్కడికీ పాకలేదు. అన్నీ వివరించాక ఆవిడే సగానికి ఒప్పుకుంది. నాలుగేళ్ళయింది. ఏటా వచ్చి పరీక్ష చేయించుకుంటూనే వుంది. ఈ జబ్బు పది ఇరవై ఏళ్ళకు కూడా తిరగబెట్టవచ్చు గనుక, సగం తీశామని జాగ్రత్త కూడా సగమైతే పనికిరాదు.

రేపు అద్దం ముందు నిలబడ్డప్పుడు తల కాస్త పైకెత్తి, ఒక గుక్కెడు మంచినీళ్ళు మింగుతూ మీ గొంతు చూసుకోండి. ఉబ్బు కనిపిస్తే కొంగు కప్పుకోకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

సెలవు.