బడి విడిచిన పిమ్మట
(మహాసభయందు గావించిన యుపన్యాసము)



పరీక్షలలో నుత్తీర్ణులైన బాలబాలికలకు బహుమానము లొసంగుట మన సభలకు చిరకాలాచారము. మేలైన యాచారమే. అయితే పరీక్షకు గూర్చుండజాలని బిడ్డలును మన యిండ్లలో గలరు. వారు పెరిగి పెద్దలైన పిమ్మట నేమగుదురో విన్నవించుటకై నేడు మీ యెదుట నిలిచితిని.

2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. నూటికి 40 పాళ్లకు తక్కువగాని వైకల్యముగల బిడ్డలకు 6వ యేటినుండి 18వ యేటివరకు ఉచితవిద్య హక్కని శాసించినది. ప్రభుత్వోద్యోగములందు నూటికి 4 పాళ్లు వారికై యుంచినది. కాని ఉద్యోగపు మెట్టు నెక్కజాలని మందబుద్ధులకు, ఏండ్లు నిండినంతనే బడి తలుపు మూతపడును. వేఱొక తలుపు తెఱువబడుట యరుదు.

ఈ ప్రాంతపు తల్లి యొకతె నాతో నిట్లనెను: “సారూ, బడికి పోయినన్నాళ్లు వీనికి సోమారమంటే ఎరుక. ఇప్పుడు అన్ని దినాలు ఐతారమే.” ఇంతకన్న స్పష్టముగా నే నేమి చెప్పగలను? అభ్యాసము తప్పిన విద్య నిలువదు. గుండీ పెట్టుకొనుట, చిల్లర లెక్కించుట, నలుగురిలో మెలగుట, పదేండ్లు శ్రమించి నేర్చినవన్నియు వసారాలో గూర్చుండి మఱచుచున్నారు. బిడ్డ పెరుగుచున్నాడు; తల్లి వృద్ధురాలగుచున్నది.

సికింద్రాబాదు మనోవికాసనగరమున 1984లో వెలసిన జాతీయసంస్థ యిట్టివారికి వృత్తులు నేర్పుచు, నేర్పువారిని తయారుచేయుచున్నది. కాని బుద్వేలునుండి యది నగరమున కావలి దిక్కున నున్నది. దినదినము కొనిపోవుట యెందరి తరము? పని యింటిచెంతకే రావలెను.

దానికై భూమి కొందమని నే ననను. ఈ బుద్వేలుననే 2023 ఆగస్టులో సుమారు 100 ఎకరములు వేలము వేయగా 3,600 కోట్ల రూపాయలకు మించి పలికెను. మనకు గల్యాణమండపము గలదు. ముహూర్తములు లేని దినములలో దానికి తాళము వేసియుండును. వారమునకు నాలుగుదినములు దాని భోజనశాల నీ బిడ్డలకు విడువుడు. విస్తరులు కుట్టుట, తాంబూలపు సంచులు చేయుట, పసుపుకుంకుమలు పొట్లములు కట్టుట నేర్పింపుడు. మన పెండ్లిండ్లకు వలయు నా వస్తువులను మనమే వారియొద్ద గొందము. శిక్షణపొందిన యుపాధ్యాయు డొకడు, యువతులకు తోడుగా నిరువురు స్త్రీలు, తెచ్చి దింపుటకు బండి యొకటి చాలును. వారము తిరుగగనే కూలి వారి చేతికే యీయవలెను. అది భిక్షము గాదు.

మఱియొక విషయము. 18 ఏండ్లు నిండిన బిడ్డకు తల్లిదండ్రులు తమంతన చట్టరీత్యా సంరక్షకులు గారు. బుద్ధిమాంద్యము మొదలగు కొన్ని వైకల్యములు గలవారికి 1999వ సంవత్సరపు చట్టము ననుసరించి, కలెక్టరు సభ్యుడుగా నుండు స్థానికసంఘము సంరక్షకుని నియమించును. ఆ దరఖాస్తులు వ్రాసిపెట్టుటకు మన విద్యావంతులు నెల కొక్క ఆదివారము వెచ్చింపలేరా?

1918లో రాజబహద్దూరు వెంకటరామారెడ్డిగారు హైదరాబాదున రెడ్డి హాస్టలు నెలకొల్పిరి. పల్లెలనుండి వచ్చిన విద్యార్థులకు నీడ దొరకెను. కులసంఘము చేయదగిన పని యేదో నాటి పెద్ద లట్లు చూపిరి. చదువగలవారికి నీడ నిచ్చితిమి; చదువలేనివారి వంతు మిగిలియున్నది.

సాంఖ్యశాస్త్రమున పంగ్వంధన్యాయ మను నొకటి గలదు. కుంటివాడు గ్రుడ్డివాని భుజమెక్కి త్రోవ చూపును, గ్రుడ్డివాడు నడచును, ఇరువురును గమ్యము చేరుదురు. అందు దాత లేడు, యాచకుడు లేడు. ఎవరి శక్తి కొలది వారు పనిచేసిరి.

మాన్యులారా! ఈ సభ ముగియులోపల మండపపు తాళపుచెవిని గూర్చి తీర్మాన మొకటి గావింపుడని ప్రార్థించి, విరమించుచున్నాను.