మగ్గం గదికి తగిన లెన్సు
(మహిళా సంఘం సమావేశంలో చెప్పిన మాటలు)

 

ఈ రోజు కెమెరా లెన్సు గురించి మాట్లాడుకుందాం. లెన్సుతో మనకేం పని అని మీలో కొందరు అనుకోవచ్చు. ముందు ఆ మాటే చెప్తాను.

గద్వాల చీర పేరు దేశమంతా తెలుసు. చీరంతా నూలు, అంచూ కొంగూ పట్టు. గద్వాల, రాజోలి, అమరచింత, కొత్తకోట... ఈ ఊళ్ళలో మగ్గం చప్పుడు మనం వింటూనే ఉంటాం. ఇంటిల్లిపాదీ రోజుల తరబడి కష్టపడితే ఒక చీర మగ్గం దిగుతుంది. కండెలు చుట్టేది మనం. నూలు సరిచేసేది మనం. కానీ ధర చెప్పేది ఇంకొకరు.

కొనేవాళ్ళు హైదరాబాదులో ఉంటారు, బెంగళూరులో ఉంటారు, అమెరికాలో కూడా ఉంటారు. వాళ్ళకు మనమే చీర చూపించగలిగితే ధర మనమే చెప్పవచ్చు. చూపించాలంటే ఫోటో కావాలి. ఫోటోలో ఎర్రంచు నల్లగా పడితే ఎవరూ కొనరు. కొన్నా, చీర చేతికి వచ్చాక రంగు వేరే ఉందని తిప్పి పంపుతారు. అప్పుడు నష్టం మనకే.

ఆడవాళ్ళకు కెమెరా పని వస్తుందా అని అడిగేవాళ్ళు ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ఉంది. అక్కడ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు 1990ల చివరలోనే వీడియో కెమెరా పట్టారు. పొలం పని చేసుకునేవాళ్ళు, బడికి పోనివాళ్ళు వాళ్ళలో ఉన్నారు. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి వేసి నష్టపోయిన రైతుల గోసను ఫిల్ము తీశారు. 2003లో ఆ ఫిల్ము బయటికి వచ్చింది. వాళ్ళు కెమెరా చూపుకు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే పటేలు షాట్. కంటికి కన్ను ఎదురుగా చూస్తే సంఘం షాట్. సంఘంలో అందరూ సమానం కదా! వాళ్ళకు వచ్చింది మనకూ వస్తుంది.

చీకటి గది, చిన్న తూము

ఇక అసలు సంగతికి వద్దాం. మన మగ్గం గదిలో వెలుతురు తక్కువ. గుంట మగ్గం నేలలో ఉంటుంది. చిన్న కిటికీ ఉంటుంది, ఒక ట్యూబులైటు ఉంటుంది. అక్కడ ఫోటో బాగా రావాలంటే లెన్సు ఎక్కువ వెలుతురు పట్టాలి.

లెన్సు లోపల ఒక రంధ్రం ఉంటుంది. దానిని చెరువు తూము అనుకోండి. తూము పెద్దదైతే నీళ్ళు ఎక్కువ వస్తాయి. రంధ్రం పెద్దదైతే వెలుతురు ఎక్కువ వస్తుంది. అది ఎంత పెద్దదో చెప్పే అంకె లెన్సు మీద రాసి ఉంటుంది. మీరు చదవడం నేర్చుకున్నారు, ఆ అంకెను మీరే చదవండి.

ఇక్కడ ఒక చిక్కుంది. అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. జొన్నరొట్టెను తలచుకోండి. రెండు ముక్కలు చేస్తే ముక్క పెద్దది. ఐదు ముక్కలు చేస్తే ముక్క చిన్నది. ఇదీ అంతే. 2.8 అంటే పెద్ద రంధ్రం. 5.6 అంటే చిన్న రంధ్రం. 5.6 కంటే 2.8లో నాలుగింతల వెలుతురు వస్తుంది.

నాలుగింతలంటే తేడా ఎంత? 5.6తో ఫోటో పడటానికి సెకనులో 15వ వంతు పట్టే చోట, 2.8తో 60వ వంతు చాలు. 15వ వంతులో చెయ్యి కదులుతుంది, నేసే మనిషీ కదులుతుంది. ఫోటో అలుక్కుపోతుంది. 60వ వంతులో చాలావరకు నిలబడుతుంది. ఇలాంటి లెన్సును దుకాణంలో ఫాస్ట్ లెన్సు అంటారు. ఫోటో తొందరగా పడుతుంది కాబట్టి ఆ పేరు.

జూమ్ ఎందుకు?

ఉన్నచోటే నిలబడి దూరంగానూ, దగ్గరగానూ చూపించేది జూమ్ లెన్సు. మగ్గం గదిలో వెనక్కి జరగడానికి చోటుండదు, గోడ తగులుతుంది. జూమ్ ఉంటే ఒకసారి మగ్గమంతా తీయవచ్చు, ఇంకోసారి అంచు మీది జరీ పువ్వు ఒక్కటే తీయవచ్చు.

కెమెరాతో పాటు మామూలుగా వచ్చే లెన్సు మీద 18-55 అని ఉంటుంది. దాని పక్కన 3.5-5.6 అని ఉంటుంది. అంటే దగ్గరికి లాగేకొద్దీ తూము మూసుకుపోతుంది. మనకు కావలసింది ఒకే అంకె ఉన్న లెన్సు. ఉదాహరణకు 17-50, పక్కన 2.8. ఈ చివరనుంచి ఆ చివరదాకా తూము అంతే తెరుచుకుంటుంది.

దుకాణంలో 18-300 లెన్సు చూపించి, ఇది చాలా దూరం చూస్తుందమ్మా అంటారు. నిజమే, చూస్తుంది. కానీ మన గదిలో దూరం లేదు, చీకటి ఉంది. కొల్లాపూర్ మామిడి తోటలో ఎండపూట ఫోటోలు తీసే సంఘానికి మామూలు 18-55 చాలు. నల్లమలలో పిట్టలను తీసేవాళ్ళకు పొడుగు లెన్సు కావాలి. ఎవరి పనికి తగ్గది వాళ్ళకు.

ఏది కొనాలి?

కెనాన్, నికాన్, సోనీ పెద్ద కంపెనీలు. వాళ్ళ 24-70, 2.8 కొత్త లెన్సు కొనాలంటే లక్ష రూపాయలు దాటుతుంది. సిగ్మా, టామ్రాన్ జపాన్ కంపెనీలే. వేరే కంపెనీల కెమెరాలకు సరిపడే లెన్సులు తయారు చేస్తాయి. అవి చవక. చిన్న సెన్సారు కెమెరాలకు టామ్రాన్ 17-50 లెన్సు 2006లో వచ్చింది. సిగ్మా 17-50 లెన్సు 2010లో వచ్చింది. ఇవి పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలకు పనికొస్తాయి. పాతవాటిలో దొరుకుతాయి. కొత్తరకం మిర్రర్‌లెస్ కెమెరాలకు సిగ్మా 18-50 లెన్సు 2021లో వచ్చింది. బరువు సుమారు 300 గ్రాములే. వీటన్నిటికీ అంకె 2.8.

అన్ని లెన్సులూ అన్ని కెమెరాలకూ పట్టవు. ఒక కుండ మూత ఇంకో కుండకు సరిపోదు కదా! మన కెమెరాను వెంట తీసుకుపోండి. బిగించి చూసిన తర్వాతే మాట్లాడండి.

గట్టిదో కాదో చూడటం

కూరగాయలు ఏరి కొనడం మనకు ఎవరూ నేర్పలేదు. లెన్సునూ అట్లనే ఏరండి.

కెమెరాకు బిగించే అంచు ఇనుములాగా లోహంతో ఉండాలి, ప్లాస్టిక్ అయితే తొందరగా అరుగుతుంది. బిగించాక లొడలొడ ఆడకూడదు. జూమ్ తిప్పితే అంతటా ఒకే తీరుగా తిరగాలి. ఒకచోట పట్టేసి, ఒకచోట జారిపోతే వద్దు. నేలవైపు వంచితే తనంతట తానే కిందికి జారకూడదు. చెవి దగ్గర మెల్లగా ఊపండి. గలగలమని ఎక్కువ చప్పుడు వస్తే అడగండి.

పాతది కొంటే ఇంకా జాగ్రత్త. టార్చిలైటు ఒక పక్క పెట్టి ఇంకో పక్కనుంచి చూడండి. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది బూజు. ఆ లెన్సు ఎంత చవకైనా వద్దు. నాలుగు దుమ్ము నలుసులుంటే ఫరవాలేదు. తర్వాత గోడకు న్యూసుపేపరు అంటించండి. 2.8 పెట్టి ఫోటో తీయండి. నడుమ అక్షరాలు స్పష్టంగా ఉండాలి. ఎడమవైపు బాగుండి కుడివైపు మసకైతే లెన్సు ఎక్కడో పడి దెబ్బతిన్నదని అనుమానించండి. బిల్లు అడగండి. బిల్లు మీది నంబరు, లెన్సు మీది నంబరు ఒకటేనా చదివి చూడండి. కొత్తదైతే మన దేశపు వారంటీ ఉందా అడగండి.

కొన్న తర్వాత

మంచి లెన్సు కొన్నంత మాత్రాన పని అయిపోదు. 2.8లో దగ్గరగా తీస్తే అంచు స్పష్టంగా, వెనక మసకగా వస్తుంది. చీరంతా పరిచి తీయాలంటే పగటి వెలుతురులోకి తెచ్చి, అంకెను 8 చేయండి. రంగు సరిగా రావాలంటే కిటికీ దగ్గర ట్యూబులైటు ఆర్పేయండి. రెండు రకాల వెలుతురు కలిస్తే రంగు మారుతుంది. జరీ మీద ఎదురుగా ఫ్లాష్ కొట్టకండి, తెల్లగా మెరిసిపోతుంది.

మగ్గం గదిలో నూలు పొట్టు ఎగురుతుంది. అక్కడ లెన్సు ఊడదీయకండి. వానాకాలం గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చే సిలికా పొట్లాలతో పెట్టండి.

ఒక చివరి మాట. లెన్సుకు సంఘం పొదుపు పైసలు పోతాయి. రూపాయి రూపాయి కూడబెట్టిన పైసలవి. కాబట్టి తొందర వద్దు. ముందు తలుపు తీసి, కిటికీ తెరిచి, ఉన్న ఫోనుతో, ఉన్న లెన్సుతో తీసి చూడండి. అది చాలితే కొనవద్దు. చాలకపోతే అలాంటి లెన్సును ఒక రోజు అద్దెకు తెచ్చి మీ గదిలోనే తీసి చూడండి. అప్పుడు అందరూ కూర్చుని తీర్మానం రాయండి. లెన్సు బిల్లు సంఘం పేరున ఉండాలి. కనీసం ఇద్దరు ఆడవాళ్ళకు పని వచ్చి ఉండాలి. లేకుంటే కెమెరా మనది, పెత్తనం ఇంకొకరిది అవుతుంది.

చీర నేసేది మన ఇల్లు. దాన్ని లోకానికి చూపించే కన్ను కూడా మనదే కావాలి. సెలవు.

చర్చించుకోండి

1. మీ పని ఎండలోనా, చీకటి గదిలోనా? దానికి ఎలాంటి లెన్సు కావాలి?
2. 2.8, 5.6 అంకెల్లో ఏది ఎక్కువ వెలుతురు ఇస్తుంది? ఎందుకు?
3. పాత లెన్సులో బూజు ఉందో లేదో ఎట్లా చూస్తారు?
4. మీ సంఘంలో కెమెరా ఎవరి దగ్గర ఉండాలి? తీర్మానం రాసి చదవండి.