పిట్టకీ కంటికీ మధ్య ఒక పట్టీ



స్త్రీల కార్యక్రమంలో తుపాకీ గురించి మాట్లాడతానంటే మీలో కొందరు రేడియో కట్టేద్దామా అనుకోవచ్చు. కాస్త ఆగండి. ఆవకాయ పాళ్ళూ, ఊలు అల్లికలూ ఎప్పుడూ ఉండేవే. ఈవేళ మన ఆడపిల్లలు పతకాలు తెస్తున్న ఒక ఆట గురించి చెప్పుకుందాం.

చైనాలోని హాంగ్‌ఝౌలో 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో, ట్రాప్ షూటింగు జట్టు పోటీల్లో మన దేశపు మగవాళ్ళకి బంగారు పతకం, ఆడవాళ్ళకి వెండి పతకం వచ్చాయి. ఆ మగవాళ్ళ జట్టులో మన హైదరాబాదు అబ్బాయి కైనాన్ చెనాయ్ ఉన్నాడు. విడిగా కంచు పతకం కూడా తెచ్చుకున్నాడు. అంతకు ముందు 2016లో రియో ఒలింపిక్స్‌కీ వెళ్ళొచ్చాడు. ఇలాంటివి చూసి రేపు మీ అమ్మాయి, "అమ్మా, నేనూ నేర్చుకుంటా" అనవచ్చు. ఈ తుపాకీ లక్షలమీద పని. దాన్ని ఏ గుణం చూసి ఎంచాలో తల్లికి తెలిసి ఉండడం మంచిదే కదా!

ముందు ఆట సంగతి. పాతకాలంలో నిజం పావురాలనే ఎగరేసి కాల్చేవారట. 1900లో పారిస్ ఒలింపిక్స్‌లో కూడా ఆ ఘోరం జరిగింది. ఇప్పుడు జీవహింస లేదు. గాలిలోకి ఎగిరేది చిన్న సాసరంత బిళ్ళ. అడ్డంగా 11 సెంటీమీటర్లు, బరువు 105 గ్రాములు. మట్టి పిట్ట అని పేరే గాని అందులో మట్టి లేదు, సున్నపురాతి పొడినీ కీలునీ కలిపి పోత పోస్తారు. ట్రాప్ పోటీలో ఎదురుగా గోతిలో 15 యంత్రాలుంటాయి. షూటరు వాటికి 15 మీటర్లు వెనక నుంచుని కేక వేస్తే పిట్ట లేస్తుంది. ఏ యంత్రం నుంచి, ఎటు లేస్తుందో ముందుగా తెలీదు. గంటకి వంద కిలోమీటర్ల పైచిలుకు వేగంతో దూరంగా, పైకి పోతుంది. స్కీట్ పోటీలో పిట్ట దారి ముందే తెలుసు. కాని అది కనిపించేదాకా తుపాకీ భుజానికి ఎత్తకూడదు, నడుము దగ్గరే ఉండాలి.

మరి అంత వేగంగా పోయేదాన్ని ఎలా కొడతారు? మా అంబాజీపేట వైపు కాలవల్లో విసురువల వేసేవాళ్ళని చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. చేప ఉన్నచోట వల వెయ్యరు. చేప వెళ్ళబోయే చోట వేస్తారు. అదీ వల పూర్తిగా విచ్చుకుని నీటి మీద పడేట్టు వేస్తారు. షాట్‌గన్ కూడా అంతే. పోటీ తూటాలో 24 గ్రాముల సీసం గుళ్ళు, సుమారు 300 దాకా ఉంటాయి. ఒక్కోటి ఆవగింజ కన్నా పెద్దది, మిరియం కన్నా చిన్నది. గొట్టం దాటాక అవి వలలా విచ్చుకుంటూ పోతాయి. 35 మీటర్ల దూరం చేరడానికి సెకనులో పదో వంతు పడుతుంది. ఆ కాస్త సేపట్లోనే పిట్ట మూడు మీటర్లు కదిలిపోగలదు. అడ్డంగా పోయే పిట్టకి అంత ముందుగా వల వెయ్యాలన్నమాట.

ఆ వల ఎంత విచ్చుకోవాలన్నది గొట్టం మూతి చెబుతుంది. మొక్కలకి నీళ్ళు పట్టే రబ్బరు గొట్టం చివర వేలుతో నొక్కితే ధార దూరంగా, బిగువుగా పోతుంది చూడండి. అలాగే తుపాకీ మూతిని లోపల రవ్వంత సన్నం చేస్తారు. దాన్నే చోక్ అంటారు. బాగా బిగువైన చోక్‌కి కూడా ఆ సన్నదనం ఒక మిల్లీమీటరు మాత్రమే. ఆ మాత్రానికే 40 గజాల దూరంలో నూటికి 70 గుళ్ళు 30 అంగుళాల వలయంలో పడతాయి. ట్రాప్‌లో పిట్ట దూరం పోతుంది గనక బిగువు చోక్ కావాలి. రెండో గుండు పేల్చేసరికి అది ఇంకా దూరమవుతుంది గనక రెండో గొట్టానికి మరికాస్త బిగువు. స్కీట్‌లో పిట్ట దగ్గర, కాబట్టి మూతి వదులుగా ఉంటేనే మేలు.

ఇక గొట్టం పొడుగు. పొడుగు గొట్టమైతే గుండుకి బలం ఎక్కువని చాలామంది అనుకుంటారు. అది ఒట్టి అపోహ. ఈనాటి మందు తొందరగా మండిపోతుంది. ఆఖరి రెండు మూడు అంగుళాల వల్ల వేగంలో వచ్చే తేడా స్వల్పం. పొడుగు ఉపయోగం ఊపులో ఉంది. కొబ్బరికాయలు కోసే దోటి ఒకసారి కదిలించాక ఒకే తీరున సాగుతుంది, పొట్టి కర్ర చురుగ్గా తిరుగుతుంది గాని తడబడుతుంది. అందుకే ట్రాప్‌కి 30, 32 అంగుళాల గొట్టాలూ, స్కీట్‌కి ఎక్కువగా 28, 30 అంగుళాలవీ వాడతారు. అయితే దోటి మొయ్యలేని చేతికి దోటి ఇస్తే ఏమవుతుంది? చేతులు పీకుతాయి, గురి జారుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. గొట్టం పైన, వెనక నుంచి మూతి దాకా పాపిట తీసినట్టు ఒక సన్నని లోహపు పట్టీ ఉంటుంది. దాన్ని రిబ్బు అంటారు. అది అలంకారం కాదు. మొదటిది, అది కంటికి దారి చూపిస్తుంది. రెండోది, వరసగా 25 పిట్టల్ని కొట్టేసరికి గొట్టం కాలిపోతుంది. పొయ్యి మీది వేడిగాలిలోంచి చూస్తే వెనక గోడ అల్లలాడినట్టు కనిపించదూ? పిట్ట కూడా అలాగే కనిపిస్తుంది. అందుకని పట్టీ కింద కిటికీల్లా ఖాళీలు వదులుతారు, గాలాడి వేడి పోవడానికి. మూడోది, ఎండ తళుక్కుమనకుండా పట్టీ పైభాగాన సన్నని గీతలు గీస్తారు.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ట్రాప్‌లో పిట్ట పైకి లేస్తూ పోతుంది. గొట్టం సరిగ్గా దానికే గురిపెడితే గుళ్ళు దాని కిందనుంచి పోతాయి. గొట్టం ఇంకా పైకెత్తితే పిట్టే కనిపించదు. అందుకని పట్టీ వాలునీ, చెంప ఆనే చెక్క ఎత్తునీ సరిచేసి, గుళ్ళు చూపు కన్నా కాస్త పైన పడేట్టు ఏర్పాటు చేస్తారు. అప్పుడు పిట్ట పట్టీ మీద తేలుతున్నట్టు కనిపిస్తూనే ఉంటుంది, దెబ్బా తగులుతుంది. స్కీట్ తుపాకీకి పైనా కిందా సమంగా పడితే చాలు. కొన్ని ట్రాప్ తుపాకులకి పట్టీని బాగా ఎత్తుగా, వంతెనలా కడతారు. మెడ వంచకుండా, తల నిటారుగా పెట్టి చూడొచ్చు. కాని పట్టీ ఎత్తు పెరిగితే చెంప ఆనే చెక్క కూడా పెరగాలి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే చొక్కా కొలతకి కుట్టిన జాకెట్టులా ఉంటుంది.

ఎందుకంటారా? ఈ తుపాకీకి ముందు ఒక పూస ఉంటుంది గాని, రైఫిలుకి ఉన్నట్టు కంటి దగ్గర గురిచూసే అమరిక ఉండదు. ఆ చోట మన కన్నే ఉంటుంది. కన్ను ఎక్కడ నిలవాలో చెంప ఆనిన చెక్క నిర్ణయిస్తుంది. కంటి నుంచి మూతి దాకా దూరం సుమారు ఒక మీటరు. కన్ను మూడు మిల్లీమీటర్లు పైకి లేస్తే, 35 మీటర్ల దగ్గర గుళ్ళు పది సెంటీమీటర్లు పైకి పోతాయి. అంటే దాదాపు పిట్టంత తేడా! మన పప్పుగింజంత పొరపాటు అక్కడ పిట్టంత అవుతోంది.

ఇప్పుడు మన అమ్మాయి సంగతికి వద్దాం. చాలాకాలం తుపాకులు మగవాళ్ళ మెడ, చెయ్యి, భుజాల కొలతలకే తయారయ్యాయి. నాన్నదో అన్నయ్యదో తుపాకీ పదిహేనేళ్ళ పిల్ల చేతికిస్తే చెక్క పొడుగై చెయ్యి సాగదు, చెంప ఆనదు, కన్ను పట్టీకి రాదు. పేల్చినప్పుడల్లా చెంపకి దెబ్బ, భుజానికి కమిలిన మచ్చ. పిట్ట మాత్రం చెక్కుచెదరకుండా పోతుంది. అప్పుడు పక్కనున్నవాళ్ళు అనే మాట ఏమిటి? "ఆడపిల్లకి తుపాకీ ఎక్కడ చేతనవుతుంది?" తప్పు కొలతలో ఉంటే, నింద పిల్ల మీద పడుతుంది.

చేతకాదనే మాటకి 1992లోనే జవాబు వచ్చింది. బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్కీట్ పోటీ ఆడా మగా కలిసే ఆడారు. చైనా అమ్మాయి జాంగ్ షాన్ తొలి దశల్లో 200 పిట్టలకి 200 కొట్టి, మగవాళ్ళనందర్నీ దాటి బంగారు పతకం గెలిచింది. చిత్రం చూడండి, ఆ తరవాత 1996 ఒలింపిక్స్‌లో స్కీట్ మగవాళ్ళకే పరిమితమైంది. ఆడవాళ్ళకి విడిగా ఆ పోటీ పెట్టింది 2000లో, సిడ్నీలో. 2024లో పారిస్‌లో మన మహేశ్వరీ చౌహాన్, అనంత్‌జీత్ సింగ్ నరూకా జంట ఒక్క పిట్ట తేడాతో కంచు పతకం పోగొట్టుకుంది. చైనాకి 44, మనకి 43. ఒక్క పిట్ట విలువ అంత!

కాబట్టి అక్కయ్యలూ, అమ్మలూ, మీ అమ్మాయి ఈ ఆట నేర్చుకుంటానంటే ముందు రేంజికి తీసుకెళ్ళి శిక్షకుడి సమక్షంలోనే పట్టించండి. లైసెన్సు లేనిదే ఇంట్లో తుపాకీ ఉండరాదు, చట్టం ఒప్పుకోదు. చెవులకి రక్షణ, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. కొనేముందు నగిషీలు చూసి మోసపోకండి. పిల్ల కళ్ళు మూసుకుని తుపాకీ భుజానికి ఎత్తి చెంప ఆనించి, కళ్ళు తెరవగానే పట్టీ సూటిగా కనబడుతోందా అని అడగండి. నడుమ చిన్న పూస కూడా ఉన్న ట్రాప్ తుపాకీ అయితే, ఆ రెండు పూసలూ 8 అంకెలా ఒకదానిమీద ఒకటి నిలిచాయేమో అడగండి. పెద్ద కాగితం కట్టి నాలుగు గుళ్ళు పేల్పించి, గురి ఎక్కడ, దెబ్బ ఎక్కడో చూడమనండి. తేడా ఉంటే చెక్కని కోయించొచ్చు, ఎత్తు పెంచొచ్చు. పట్టీని కూడా సర్దుకోగల తుపాకులు ఇప్పుడు వస్తున్నాయి.

ఒకసారి కొలత కుదిరాక పట్టీని మరిచిపొమ్మని చెప్పండి. కుట్టుమిషను మీద మనం సూదిని చూస్తూ కూర్చోం, గుడ్డ అంచుని చూస్తాం. అలాగే కన్ను పిట్ట మీదే ఉండాలి.

పిల్లకి జాకెట్టు కుట్టించడానికి నాలుగుసార్లు కొలతలు తీయించే తల్లులం మనం. చేతకాదు అనే మాట అనేముందు, తుపాకీకి కూడా ఒక్కసారి కొలత తీయిద్దాం. సెలవు.